గులకరాళ్ళ మీద పాకుడు

మా వదిన మా ఇంటికి వచ్చిన వారంలోనే నేను ఆవిడతో అనకూడని మాట ఒకటి అన్నాను. అదేమంత పెద్ద మాట కాదని అప్పట్లో నా వాదన. నాకు ప్రతిదానికీ ఒక వాదన ఉండేది. ఇప్పటికీ ఉంది, కాకపోతే వినేవాళ్ళు తగ్గారు.

వదిన అంటే మా ఆయన అక్క. రాజయ్యపేటలో ముప్ఫై ఏళ్ళు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి అమ్మింది. భర్త పోయాడు. పిల్లలు లేరు. మోకాళ్ళు అరిగిపోయాయి. పరవాడలో కంపెనీ ఉద్యోగం చేస్తున్న తమ్ముడు ఒక ఆదివారం వెళ్ళి, "ఇంకా తట్ట మొయ్యడవేటప్పా, మా ఇంటికొచ్చీ" అని బస్సెక్కించి తీసుకొచ్చాడు. మాది అనకాపల్లిలో అద్దె వాటా. మేడ మీద రెండు గదులు, ఒక వంటిల్లు. పగలు నేను ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచర్ని, సాయంత్రం ముందు గదిలో ట్యూషన్లు.

వదిన తనతో ఒక గుడ్డ సంచీ, ఒక మూట తెచ్చుకుంది. మూటలో ఎండు నెత్తళ్ళు, చిటికెనవేలంత సముద్రపు చేపలు. చెమ్మ తగిలాయని వాటిని డాబా మీద చాప వేసి ఆరబోసింది. నేను స్కూలు నుంచి వస్తూ మెట్ల మీదే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏటి వదినా ఈ కంపు! ట్యూషన్ పిల్లలు పారిపోతారు" అన్నాను.

ఆవిడ నెత్తళ్ళన్నీ ఎత్తి మూట కట్టి కింద వాటాలో పనిచేసే ఆవిడకి ఇచ్చేసింది. ఆ రోజు నుంచి రోజుకి రెండుసార్లు ఒళ్ళు ఎర్రబడేలా సబ్బు రుద్దుకుని స్నానం చేసేది. మనిషికి శుభ్రత ఎక్కువ అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, ఎదురుగా ఉన్నది కనబడ్డానికి నాకు టైము పడుతుంది.

అలాంటి నేను ఆరు నెలలు తిరక్కుండా అదే ముందు గదిలో చేపల తొట్టె పెట్టాను.

దానికి కారణం ఇంటి ఓనరు. డాబా మీద నాలుగు కుండీలు పెట్టుకుంటానంటే స్లాబు చెమ్మెక్కుతుందన్నాడు. మీ నీళ్ళ ట్యాంకు కారితే ఎక్కని చెమ్మ నా తోటకూరకి ఎక్కుతుందా అని అడిగాను. ఆయన గేటు వేసుకుని లోపలికి పోయాడు. వాదనలో నేనే గెలిచాను గాని కుండీలు పెట్టుకోలేకపోయాను. ఆ ఉక్రోషంతో నెట్ సెంటర్‌లో కూర్చుని, మట్టి లేకుండా ఇంట్లోనే ఆకుకూరలు పెంచే దారి ఏమైనా ఉందా అని వెతికితే ఆక్వాపోనిక్స్ అనే మాట దొరికింది. కింద చేపల తొట్టె, పైన గులకరాళ్ళు నింపిన టబ్బు, రాళ్ళలో మొక్కలు. చేపలు మలినపరిచిన నీళ్ళని మోటారు పైకి తోడుతుంది. ఆ మలినం మొక్కలకి తిండి. మొక్కలు తాగగా మిగిలిన నీళ్ళు శుభ్రపడి మళ్ళీ తొట్టెలోకి దిగుతాయి. చదవగానే లేచి నిలబడ్డాను.

ఓనరుకి చెప్తే నవ్వాడు. "మీరు చర్చికెళ్తారని తెలుసు గానీ, మొక్కల్ని కూడా నీళ్ళమీద నడిపించెత్తారేటమ్మా?"

"చూడ్డానికి రండి, నడిపించాక పిలుస్తాను" అన్నాను.

గాజు తొట్టె కొని, కింద దూలం ఎటు వెళ్ళిందో చూసుకుని ఆ గోడవారనే సిమెంటు ఇటికల మీద పెట్టించాను. పైన ఇనప స్టాండు, దాని మీద బట్టలు నానబెట్టే టబ్బు. మా ఆయన కంపెనీలో ఖాళీ డ్రమ్ము తెస్తానన్నాడు. "కెమికల్ డ్రమ్ములో పుదీనా పెంచి నాకే పచ్చడి చేసి పెడతారా? అంత కోపం ఉంటే నోటితో చెప్పండి" అన్నాను. పాత కూలరు మోటారు ఊడదీసి ఇచ్చాడు పాపం. గులకరాళ్ళు శారద ఏటిగట్టు నుంచి రెండు సంచులు తెప్పించాం. బజార్లో ఆరు బంగారు చేపలు కొన్నాను.

వదిన వాటిని వంగి చూసి, "ఇవేటి, పండుమిరగాయల్లాగున్నాయి. ముల్లు తీత్తే ఏటి మిగుల్తాది?" అంది.

"తినడానికి కాదు వదినా."

"మరి?"

"పెంచుకోడానికి."

"సేపనా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఇంటికి వచ్చాక ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. నవ్వి, వెంటనే నా ముఖం చూసి ఆపేసింది.

ఇందులో అసలు కిటుకు చేపా కాదు, మొక్కా కాదు. చేప వదిలేది అలాగే ఉంటే చేపకే విషం. గులకరాళ్ళకి పట్టే పాకుడులో కంటికి కనబడని సూక్ష్మజీవులు చేరి ఆ విషాన్ని మొక్కలు తినే ఎరువుగా మారుస్తాయి. పాకుడు పట్టడానికి నెల పైనే పడుతుంది. డిగ్రీలో ఇదంతా నత్రజని వలయం పేరుతో పది మార్కుల ప్రశ్న. నాకు తొమ్మిదొచ్చాయి. ఆ పోయిన ఒక్క మార్కు కోసం లెక్చరర్‌తో వారం రోజులు పోట్లాడాను. అంత వచ్చిన ప్రశ్నని ఊరికే వదులుతానా? ట్యూషన్ పిల్లలకి చెప్పాను, ఓనరుకి చెప్పాను, షిఫ్టు నుంచి వచ్చి నిద్ర ఆగని మా ఆయనకి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఇంట్లో రోజంతా ఆ తొట్టె పక్కనే కూర్చునే మనిషికి మాత్రం చెప్పలేదు. "మీరు దీన్ని ముట్టుకోకండి వదినా, సున్నితమైన వ్యవహారం" అన్నానంతే. అక్షరం ముక్క రాని మనిషికి నత్రజని ఏమిటి అనుకున్నాను. అనుకున్నానని అప్పుడు నాకు తెలియను కూడా తెలియదు.

మొదటి నెల తోటకూర పాలిపోయి వేలాడింది. ఓనరు రోజూ పలకరించేవాడు, "ఏటమ్మా, నడుత్తున్నాయా?" అని. ఆ తర్వాత రాళ్ళు జారుడుగా తయారయ్యాయి, పుదీనా చిగుళ్ళు వేసింది, తోటకూర ముదురాకుపచ్చకి తిరిగింది. నేను ఒక కట్ట కోసి తీసుకెళ్ళి ఓనరు చేతిలో పెట్టి మాట్లాడకుండా వచ్చేశాను. నా జీవితంలో మాట్లాడకుండా గెలిచిన వాదన అదొక్కటే.

ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి కరెంటు లేదు. వదిన స్టూలు మీద కూర్చుని, కొంగు నడుముకి బిగించి, చెంబుతో తొట్టెలో నీళ్ళు ముంచి పైకెత్తి ధార కట్టి పోస్తోంది. చీర సగం తడిసింది. నేల మడుగైంది. ముట్టుకోవద్దన్నానుగా అని నోటిదాకా వచ్చింది.

"సేపలు నోరెడతన్నాయి మరదలా, ఊపిరాడక" అంది ఆపకుండానే. "పన్నెండింటికి పోయింది కరెంటు. నీళ్ళు కొట్టకపోతే సచ్చిపోతాయని..."

అప్పటికి మూడున్నర. "అప్పట్నించీ పోస్తున్నారా? మీకెలా తెలిసింది?"

"సేప నోరు సూత్తే తెల్దేటి?"

నాకు తెలీదు. తొట్టెలో నీళ్ళకి గాలి కావాలని పుస్తకంలో చదివాను గాని, చేప నోరెప్పుడు గాలి కోసం తెరుస్తుందో, ఎప్పుడు మేత కోసం తెరుస్తుందో నేను ఏనాడూ పోల్చుకోలేదు. ఆవిడ చేతిలోంచి చెంబు తీసుకున్నాను. అప్పుడైనా కూర్చోబెట్టి అంతా చెప్పి ఉండాల్సింది. ట్యూషన్ టైమైంది.

తర్వాత మా స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌కి ఈ తొట్టె సంగతి తెలిసి, శనివారం పదిమంది ఆడపిల్లల్ని తీసుకొస్తానన్నారు. గురువారం సాయంత్రం నేను తొట్టె వైపు చూసి, "ఛీ, అద్దానికి కూడా పాకుడు పట్టేసింది. మేడమ్ చూస్తే ఏమనుకుంటారు" అని నాలో నేను అనుకున్నాను. నాలో నేను అనుకున్నా వీధి చివరకి వినబడుతుంది.

శుక్రవారం వచ్చేసరికి ముందు గది మెరుస్తోంది. అద్దం తళతళలాడుతోంది. గులకరాళ్ళు ముత్యాల్లా తెల్లగా ఉన్నాయి. మొక్కల వేళ్ళు కూడా కడిగి మళ్ళీ నాటి ఉన్నాయి. గదిలో బ్లీచింగ్ పౌడరు వాసన. వదిన మోకాళ్ళు పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది, నేను ఏమంటానా అని నా ముఖంలోకి చూస్తూ. కుళాయి నీళ్ళు నిండా పట్టిన తొట్టెలో రెండు చేపలు అప్పటికే వెల్లకిలా తేలాయి. తక్కినవి నోళ్ళు తెరుస్తున్నాయి.

నేను ఏమన్నానో మొత్తం రాయను. "చదువు లేని చేతులు పెడితే ఇలాగే తగలడుతుంది" అన్నది మాత్రం రాస్తాను, ఎందుకంటే ఆ మాట నాకింకా వినబడుతూనే ఉంటుంది.

వదిన లేచి నిలబడింది. "పాకుడంటే నీకు పడదు గదా. నా నెత్తళ్ళ కంపే పడలేదు. ఆ మేడమ్ముల ముందు నీకు తలవంపులవుతాదని, పొద్దున్నించీ కొబ్బరి పీసెట్టి ఒక్కో రాయీ తోమేను మరదలా."

ఒక్కో రాయీ. రెండు సంచుల రాళ్ళు. ఆ మోకాళ్ళతో.

నేను వంటింట్లోకి పోయాను. చీకటి పడేలోపు ఇంకో రెండు చేపలు పోయాయి. మిగిలిన రెంటినీ వదిన ఎప్పుడు తీసిందో, వంటింటి మూల ఒక బకెట్లో వేసింది. ఆ బకెట్లో తొట్టెలోని పాత నీళ్ళున్నాయి. "పారబొయ్యబుద్ధి కాలేదు, కింద కరేపాకు మొక్కకి పోద్దారని అట్టేపెట్టేను" అని తమ్ముడితో అంటుంటే విన్నాను. నాతో అనలేదు. ఆయన నావైపు తిరిగి, "గెలిచేవా?" అని మాత్రం అడిగి బూట్లు విప్పుకున్నాడు.

శనివారం పొద్దున్నకి గుడ్డ సంచీ సర్ది గుమ్మం దగ్గర పెట్టి ఉంది. "మద్దేనం బస్సుకి ఎల్తాను. ఒండీసి, ఒచ్చినోళ్ళకి టీలెట్టీసి ఎల్తాను" అంది వదిన. నేను సంచీని దాటుకుని వెళ్ళి మేడమ్ కోసం కుర్చీ తుడిచాను.

పది గంటలకి హెడ్‌మిస్ట్రెస్ పిల్లలతో వచ్చారు. బోసిపోయిన తొట్టె చూసి, "చేపలేవండీ?" అని అడిగారు. జవాబు నా దగ్గర తయారుగానే ఉంది. మా ఆడపడుచు పల్లెటూరి మనిషండీ, తెలియక కడిగేసింది. చిన్న వాక్యం. అబద్ధం కూడా కాదు. వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"నేనే చంపాను" అన్నాను. "ఈ రాళ్ళ మీది పాకుడే మొత్తం పనంతా చేస్తుందని ఊరందరికీ చెప్పాను. ఇంట్లో దీన్ని కనిపెట్టుకుని ఉండే మనిషికి చెప్పలేదు. పైగా పాకుడు చూసి ఛీ అన్నాను. ఆవిడ నా కోసం కడిగింది."

పిల్లలు నోట్సు రాసుకోవాలా వద్దా అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. నేను సుద్దముక్క తీసి నేలమీద బొమ్మ గీసి చెప్పడం మొదలుపెట్టాను. చేప, విషం, పాకుడు, ఎరువు, మొక్క. వంటింటి గుమ్మం వైపు తిరిగి చెప్పాను. కాసేపటికి వదిన టీ పళ్ళెంతో వచ్చి నిలబడింది. టీ చల్లారుతోంది.

"అంటే పాత పడవ లాగేటి?" అంది హఠాత్తుగా.

అందరం ఆవిడ వైపు తిరిగాం. ఆవిడకి సిగ్గేసింది, కానీ ఆగలేదు. "కొత్త పడవ నీట్లో ఇడిత్తే దానికింద సేప సేరదు. పాత పడవ కింద పాకుడుంటాది, దాన్ని గీరుక్కుతినడానికి సిన్న సేపలు మూగుతాయి. ఒడ్డునెట్టి తోమీసేవంటే మళ్ళీ నెల్లాళ్ళు ఒక్కటీ రాదు." నా వైపు చూసింది. "ఈ ముక్క ముందే సెప్తే నానెందుకు తోముతాను?"

"చెప్పాల్సింది" అన్నాను. ఆ ఒక్క మాటకి ముందూ వెనకా ఏ వాదనా తగిలించలేదు. కష్టమే అయింది.

పిల్లలు వెళ్ళాక ఇద్దరం మోటారు విప్పాం. లోపల జల్లెడకి అడ్డంగా ఉన్న స్పాంజిని వదిన చూడలేదు కాబట్టి కడగలేదు. నల్లగా, జిగురుగా, మంచి కంపు కొడుతోంది. బ్లీచింగ్ పోయేలా రాళ్ళని జాడించి, పాలకి తోడు వేసినట్టు దాన్ని ముక్కలు చేసి వాటి మధ్య దూర్చాను. తొట్టెలో నీళ్ళు పారబోసి, మందు ఘాటు పోవడానికి కొత్తగా పట్టిన కుళాయి నీళ్ళు బకెట్లలో నిలవపెట్టాను. వదిన సంచీ మాత్రం గుమ్మం దగ్గరే ఉంది.

"ఎల్తాను మరదలా."

"వెళ్తే వెళ్ళు" అన్నాను. మీరు అనడం ఎప్పుడు మానేశానో గమనించలేదు. "ఈ రెంటికీ ఊపిరాడకపోతే ఎవరు చూస్తారు?"

"నువ్వు బియ్యెస్సీ గదా, నువ్వే సూడు."

"నాకు పుస్తకం చూడ్డం వచ్చు. నోరు చూడ్డం రాదు."

ఆవిడ నవ్విందో లేదో తెలియలేదు, సంచీ అందుకోడానికి వంగి ఉంది. మెట్లు దిగుతుంటే పిట్టగోడ మీంచి వంగి అరిచాను, "వచ్చేటప్పుడు నెత్తళ్ళు పట్రా!" కింద ఓనరు తలెత్తి చూశాడు. చూస్తే చూశాడు.

రెండు రోజులాగి నిలవనీళ్ళు తొట్టెలో పోసి ఆ రెండు చేపల్నీ వదిలాను. మేత చిటికెడు కన్నా ఎక్కువ వెయ్యలేదు. రోజూ పొద్దున్నా సాయంత్రం స్టూలు వేసుకుని వాటి నోళ్ళు చూస్తూ కూర్చున్నాను. పదకొండో రోజు మధ్యాహ్నం మెట్ల మీద వాసనొచ్చింది. మనిషి కన్నా ముందు నెత్తళ్ళొచ్చాయి.

వదిన మూట గుమ్మంలోనే దించి, చెప్పులు విప్పకుండా, "బతికున్నాయేటి?" అంది.

"చూసుకో."

నేరుగా టబ్బు దగ్గరకి వెళ్ళి రాళ్ళలో చెయ్యి పెట్టింది. ఒక గులకరాయి తీసి బొటనవేలితో రాసి చూసింది. ఇంకొకటి తీసింది. రెండూ జాగ్రత్తగా ఎక్కడివక్కడ పెట్టింది.

"పడతంది మరదలా" అంది. "జారతంది."

నేను మూట విప్పి నెత్తళ్ళు డాబా మీద ఆరబొయ్యడానికి చాప వెతుక్కుంటూ వెళ్ళాను.