అన్‌లిమిటెడ్ అంటే ఎంత?

సౌదామిని మేడమ్‌కు 'కావలసినంత' అన్న మాట చెవిన పడితే ఒళ్ళు మండిపోతుంది. తలశ్శేరిలో తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. తూకపు రాళ్ళు, కొలజాడీలు శాఖకు అప్పగించి సంతకం పెట్టింది గానీ, కోపాన్ని మాత్రం ఇంటికి తెచ్చేసుకుంది. ఎవరు ఏం చెప్పినా ఆవిడ నోట ముందు వచ్చే ప్రశ్న ఒక్కటే: "అంటే ఎంత?"

టీ కొట్టు పవిత్రన్ 'ఫుల్ టీ' అని బోర్డు రాయించుకున్న పాపానికి ఆవిడ అతని గ్లాసులోని నురగను చెంచాతో తీసి పక్కన పెట్టి, మిగిలిన టీ ఎక్కడిదాకా ఉందో వేలితో చూపించింది. పవిత్రన్ మర్నాడే బోర్డు మీద 'ఫుల్' తుడిపేశాడు. డాక్టరు ఉప్పు కాస్త తగ్గించమంటే, కాస్త అంటే ఎంతో చెప్పేదాకా కుర్చీలోంచి లేవలేదు. బయట రోగులు తలుపు బాదుతున్నా ఆవిడకు చీమ కుట్టినట్టయినా లేదు.

అందరికంటే ఎక్కువగా ఆ నోట పడ్డవాడు రతీశన్. సముద్రం వైపు వీధులకు ఇంటర్నెట్ ఇచ్చే 'తిరమాల' అనే చిన్న నెట్‌వర్కు అతనిది. ఒకప్పుడు ఇంటింటికీ టీవీ కేబుల్ లాగిన చేతులే, వెలుగును మోసే గాజు తీగకు గాజు తీగను అతికించడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాయి. తను వేసిన అతుక్కి వంక పెట్టగలవాడు చుట్టుపక్కల లేడని అతని నమ్మకం. పైకి మాత్రం అనడు.

వీధి సంఘం ఆ యేడు ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంటికో కంపెనీ తీగ వేలాడి వీధంతా సాలెగూడులా ఉంది కాబట్టి, ఇకనుంచి అన్ని ఇళ్ళకూ ఒకే కంపెనీ. బరిలో ఇద్దరు: రతీశన్ తిరమాల, ఎక్కడో పెద్ద ఊళ్ళో ఆఫీసున్న 'గరుడరేఖ'. ఈ వీధి చెయ్యి జారితే పక్క వీధులూ జారతాయి. తిరమాల మూతపడుతుంది. రతీశన్‌కూ అతనితో పనిచేసే ఇద్దరికీ వేరే బతుకుతెరువు లేదు.

గరుడరేఖ తరఫున టై కట్టుకున్న కుర్రాడొకడు సమావేశానికి వచ్చాడు.

"మాది అన్‌లిమిటెడ్ మేడమ్. కావలసినంత వాడుకోవచ్చు."

సంఘం మొత్తం ఊపిరి బిగబట్టింది.

"అంటే ఎంత?" అంది సౌదామిని.

"లిమిట్ లేదు మేడమ్."

"లేనిదాన్ని ఎలా కొలిచి అమ్ముతున్నావు? కాగితం ఇటివ్వు."

కళ్ళద్దాలు సవరించుకుని, కాగితం అడుగున చీమల బారులా ఉన్న అక్షరాలను పైకి చదివింది. నెలకు వెయ్యి జీబీ దాటితే వేగం రెండుకు పడిపోతుందట. ఆర్నెల్ల డబ్బు ముందే కడితేనే ఆ ధరట. బిగింపు ఖర్చు వేరేనట.

"పైన గుమ్మడికాయంత అక్షరాలు, కింద ఆవగింజంత. బియ్యం కొట్టువాడు ఈ పని చేసుంటే వాడి తరాజు జీపులో వేసుకుని పోయేదాన్ని. నువ్వు టై కట్టుకున్నావని వదిలేస్తున్నాననుకోకు."

రతీశన్‌కు నవ్వొచ్చింది. అది ఆవిడ కంట పడింది.

"నువ్వెందుకు నవ్వుతున్నావు? నీదెంత?"

"పదిహేను వందల జీబీ దాకా వంద స్పీడు మేడమ్. ముందే చెప్పి ఇస్తాను. దాటితే పది స్పీడుకి తగ్గుతుంది. డబ్బు ఏ నెలకానెల."

"అంతదాకా వందా? వంద ఎక్కడ? స్తంభం దగ్గరా, నా గోడ దగ్గరా, ఫోను దగ్గరా? నోటితో కొలిచేవాడూ దొంగే, చీమ అక్షరాలతో కొలిచేవాడూ దొంగే."

సంఘం అధ్యక్షుడు బాలగోపాలన్, రిటైరైన బ్యాంకు మేనేజరు. గరుడరేఖ ఉచితంగా ఇస్తానన్న క్రికెట్ చానెళ్ళ మీద ఆయనకు మనసుంది. ఈవిణ్ణి ఏదో ఒక పనిలో పడేస్తే నోరు మూసుకుంటుందని, "అయితే రెండూ మీరే పరీక్షించి రిపోర్టివ్వండి. దాన్నిబట్టి ఓటేస్తాం," అన్నాడు.

ఆయన ఆవిణ్ణి అప్పటికి సరిగ్గా కొలవలేదన్నమాట.

పరీక్ష కోసం రెండు కంపెనీలూ ఆవిడ వరండా గోడకు చెరో పెట్టె బిగించాయి. ఆవిడ ఎదురెదురుగా రెండు వరుసల కుర్చీలు వేయించింది. ఎడమ వరుస గరుడరేఖ, కుడి వరుస తిరమాల. వీధిలో ఖాళీగా కనిపించినవాళ్ళనల్లా పట్టుకొచ్చి కూర్చోబెట్టి, సినిమాలు చూడమంది.

"అంత చిన్న బొమ్మేమిటి? పెద్దది చెయ్యి. ఇంకా పెద్దది."

"కళ్ళు నొప్పెడుతున్నాయి మేడమ్."

"నొప్పెట్టనీ. కుడివైపు వాళ్ళు నీకంటే రెండు సినిమాలు ఎక్కువ చూశారు. తూకం సమానంగా ఉండొద్దూ?"

మధ్యలో లేచి పోకుండా పళంపొరి అనే అరటిపండు బజ్జీలు వేయించి పెట్టింది. అవి కూడా మనిషికి రెండే. మూడోది అడిగినవాణ్ణి, నువ్వు ఏ వరుసవాడివని నిలదీసింది.

అంతమంది ఉన్నా ఆవిడకు తృప్తి లేదు. వీళ్ళు ఒకరోజు వస్తారు, ఒకరోజు ఎగ్గొడతారు. రోజూ ఒకేలా వాడే మనిషి కావాలి. వెనకింటి శిల్న కనపడింది. నర్సింగు చదివింది. జర్మనీలో ఆసుపత్రి ఉద్యోగం కోసం ఆ భాష నేర్చుకుంటోంది. క్లాసంతా ఫోనులోనే. ఫోనుకు సిగ్నలు వాళ్ళింట్లో వంటింటి కిటికీ దగ్గర తప్ప అందదు. అక్కడా సగం క్లాసుకే రోజు డేటా అయిపోయేది.

"ఏమ్మాయ్, నీ క్లాసుకు ఎంతవుతుంది?" అని గోడ మీంచి అరిచింది సౌదామిని.

"తెలీదు మేడమ్."

"తెలీదా? ఇంజెక్షను కూడా ఇలాగే ఇస్తావా, ఎంతో తెలీకుండా? రేపట్నుంచి వచ్చి నా వరండాలో చదువు. కుడి వరుస. సంఘం పని. ఎగ్గొడితే ఊరుకోను."

శిల్న తల్లి యశోద చేపలమ్ముతుంది. వెనకటికోసారి ఆవిడ తరాజు పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించి ఉండగా పట్టుకుని, బజారు నడిమధ్య జరిమానా వేసింది సౌదామినే. అప్పట్నుంచి ఆ ఇంటి ముందు వెళ్ళాల్సి వస్తే యశోద మొహం అటు తిప్పుకునే వెళ్తుంది. "సంఘం పనైతే వెళ్ళు. ఆవిడ ఉపకారమైతే మాత్రం గుమ్మం దిగొద్దు," అని కూతురికి తెగేసి చెప్పింది.

మూడో వారంలో బాలగోపాలన్ స్వయంగా వచ్చి, క్రికెట్ చూస్తానని ఎడమ వరుసలో కూర్చున్నాడు. ఆఖరి ఓవరు. బంతి గాల్లోకి లేచింది. అక్కడే ఆగింది. బంతీ, దాని కింద నోరు తెరుచుకుని చూస్తున్న ఆటగాడూ బొమ్మలైపోయారు. కుడి వరుసవాళ్ళు అప్పటికే చప్పట్లు కొట్టేస్తున్నారు.

"ఏమైంది? క్యాచా, సిక్సా?" అని ఆయన కుర్చీలోంచి లేచాడు.

"మీ వెయ్యి జీబీ అయింది సార్," అంది సౌదామిని. "అన్‌లిమిటెడ్ అంటే ఎంతో ఇప్పుడు తెలిసిందా?"

ఆ పూట రతీశన్ ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాడు. వచ్చే ఆదివారమే రిపోర్టు వచ్చేస్తుందనుకున్నాడు. రాలేదు. వానాకాలం కొలత ఇంకా కాలేదంది ఆవిడ. వాన వెలిశాక, ఓణం పండక్కి అందరూ ఇళ్ళలో ఉంటారు, ఆ రద్దీ కొలత కావాలంది. ఓణం కూడా వెళ్ళిపోయింది. వీధి కోసం తెప్పించిన తీగ చుట్టలు రతీశన్ పెరట్లో నాచు పట్టాయి. పనివాళ్ళిద్దరూ పొద్దున్నే వచ్చి, వాటి మీద కూర్చుని లేచి వెళ్తున్నారు. చివరికి బాలగోపాలన్ తేల్చి చెప్పేశాడు: ఈ ఆదివారం రిపోర్టు రాకపోతే గరుడరేఖకే సంతకం పెట్టేస్తాను, ఉచిత చానెళ్ళన్నా మిగులుతాయి.

రతీశన్‌కు ఇన్నేళ్ళ కోపమూ ఒక్కసారి తన్నుకొచ్చింది. గేటు ఊడేలా తోసుకుని వరండా ఎక్కాడు.

"మేడమ్, మీ చాదస్తానికి నా కొంప కూలుతోంది. ఇంకా ఏం కొలుస్తారు? ఎండా, వానా, పండగా అయ్యాయి. గ్రహణం కోసం చూస్తున్నారా?"

అని చుట్టూ చూశాడు. వరుసలు లేవు. కుర్చీలన్నీ మడతపెట్టి గోడకు ఆనించి ఉన్నాయి. గరుడరేఖ పెట్టెకు కరెంటే లేదు, పైన దుమ్ము పట్టి ఉంది. అతని పెట్టె ఒక్కటే మినుకుమినుకుమంటోంది. దాని కింద శిల్న ఒక్కతే కూర్చుని, పొట్ట మీద చెయ్యి పెట్టి చూపిస్తూ, అర్థంకాని భాషలో ఎవరినో నొప్పి ఎక్కడో అడుగుతోంది.

రతీశన్ గొంతు తగ్గించాడు. "మేడమ్, పరీక్ష ఎప్పుడో అయిపోయింది కదా."

"అయింది."

"మరి?"

"ఆ పిల్ల పరీక్ష కాలేదు. వచ్చే నెల." ఆవిడ మొహం ఎర్రబడింది, అతన్నే తప్పు పడుతున్నట్టు. "రిపోర్టిచ్చానంటే సంఘం పని ముగిసినట్టే. మర్నాటినుంచి యశోద దీన్ని నా గుమ్మం తొక్కనివ్వదు. కనెక్షనుకు నెలనెలా కట్టే తాహతు ఆ ఇంటికి లేదు, మళ్ళీ ఆ వంటింటి కిటికీయే గతి. ఊరికే నిలబడి చూస్తావేం? కూర్చో."

రతీశన్ కూర్చున్నాడు. కోపం ఎటు పోయిందో వెతుక్కున్నా దొరకలేదు.

"ఒక పని చెయ్యండి మేడమ్. నా లైనును పాస్ చేయండి, కానీ నమ్మకం లేదని రాయండి. ఇంకొన్నాళ్ళు మీ వరండాలోనే పరీక్షలో ఉంచాలని రాయండి."

"నమ్మకం లేకపోవడానికి కారణం?"

"ఏదో ఒక తప్పు ఉందని రాస్తే సరి."

"లేని తప్పు నేను రాయను. నా సర్వీసులో రాయలేదు, నీ కోసం రాస్తానా? ఉన్న తప్పు చెప్పు."

రతీశన్‌కు ఆ మాట నోట్లోంచి ఊడబెరకడం పన్ను పీకించుకోవడం కంటే కష్టంగా ఉంది.

"మూడో స్తంభం మీది అతుకు," అన్నాడు చివరికి. "వానలో తొందరగా వేశాను. అక్కడ వెలుగు కొంచెం పోతోంది. స్పీడుకి ఏమీ కాదు. కానీ పోతోంది."

"తెలుసు. మొదటి వారంలోనే నీ పెట్టెలో రీడింగు చూశాను. నువ్వు నోరు విప్పుతావా లేదా అనే చూస్తున్నాను." కాగితం ముందుకు లాక్కుంది. "దాన్ని ఇప్పుడే బాగుచెయ్యకు. చేశావంటే రాయడానికి ఏమీ ఉండదు."

ఆదివారం సమావేశంలో సౌదామిని గరుడరేఖను ఒక్క వాక్యంలో కొట్టేసింది. మిగతా సమయమంతా రతీశన్‌కే కేటాయించింది.

"ఉన్నవాటిలో ఇతనిదే నయం. చెప్పినంతా ఇస్తున్నాడు, వేసిన ధరకు తగ్గట్టే ఇస్తున్నాడు. అంతమాత్రాన నెత్తికెక్కించుకోకండి. మూడో స్తంభం మీద అతుకు చూడండి. ఆ పనితనానికి ఇతను సిగ్గుపడాలి. అందుచేత, వీధంతా ఇతని కనెక్షనే తీసుకుంటుంది గానీ, నా వరండాలో మాత్రం నిఘా కొనసాగుతుంది. శిల్న రోజూ వచ్చి కూర్చోవాలి. ఇది సంఘం తీర్మానం."

చేతులు లేచాయి. ఆ ఎగిరిన బంతిని ఇంకా మరిచిపోలేని బాలగోపాలన్ కూడా చెయ్యెత్తాడు. తిరమాల గెలిచింది. గెలిచిన మనిషి తల దించుకుని, చెవులదాకా ఎర్రబడి నిలబడ్డాడు. వెనక వరుసలోంచి యశోద లేచింది.

"నా కూతురు తప్పకుండా వస్తుంది ఇన్‌స్పెక్టరమ్మా. ఇలాంటివాళ్ళను వదలకూడదు," అంది.

తర్వాతి నెలంతా రతీశన్ ఇంటింటికీ తీగ లాగుతూ, రోజూ ఆ మూడో స్తంభం కిందినుంచే వెళ్ళాడు. పైన ఆ అతుకు అతన్ని చూసి వెక్కిరిస్తున్నట్టుండేది. శిల్న పరీక్షకని కొచ్చి బండెక్కిన పొద్దున, బండి స్టేషను దాటిందో లేదో, నిచ్చెన వేసి, తీగలు అతికే మిషనుతో సహా పైకెక్కాడు.

"దిగు," అన్న కేక గేటు దగ్గర్నుంచి వచ్చింది.

"మేడమ్, ఇవాళ్టితో పరీక్ష అయిపోతుంది కదా."

"రాయడం అవుతుంది. ఫలితం రావద్దూ? చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం, నాలుగున్నాయి. ఒక్కటి తప్పినా మళ్ళీ వచ్చి కూర్చోవాలి. చెయ్యి తియ్యి దానిమీంచి."

చేపల గంపతో అటుగా వస్తున్న యశోద ఆగి తలెత్తి చూసింది.

"ఆవిడ చెప్తోంది కదా, దిగవయ్యా. దొంగపని బయటపడిందని దిద్దుకోవడానికి ఎక్కాడు చూడండి."

రతీశన్ దిగాడు. మిషను పెట్టెలో పెట్టి మూశాడు. నిచ్చెన భుజాన వేసుకుని, ఆ స్తంభం వైపు తల తిప్పకుండా గబగబా నడిచి వెళ్ళిపోయాడు. చూశాడంటే చెయ్యి ఊరుకునేలా లేదు.