గుండీలమ్మ ఖర్చుపెట్టిన బిళ్ళ

గుండీలమ్మ ప్రదర్శనకు తెచ్చిన ఇత్తడి బిళ్ళల్లో ఒకదాన్ని నాణేల సంఘం అధ్యక్షులవారు పంటితో కొరికి పరీక్షించారు. బిళ్ళకు ఏమీ కాలేదు. ఊడిన కట్టుడు పన్ను మాత్రం బల్ల మీద రెండు గెంతులు గెంతి, రాజుల కాలపు వెండి నాణేల వరుసలో కుదురుగా కూర్చుంది. ప్రదర్శన చూడవచ్చిన ఒకాయన వంగి, "ఇది ఏ రాజుదండీ?" అని అడిగాడు కూడా.

ఆ తర్వాత తీర్పు ఎలా వస్తుందో వేరే చెప్పాలా?

"ఇది డబ్బు కాదమ్మా. ఇక్కడ అసలు డబ్బుకే చోటు," అన్నారు అధ్యక్షులవారు, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

గుండీలమ్మ నలభై ఏళ్లు పాత కోట్లు బాగుచేసిన దర్జీ. యుద్ధం రోజుల్లో చిల్లర కరువై, దుకాణదారులు సొంతంగా బిళ్ళలు కొట్టించి చిల్లరకు బదులు చేతిలో పెట్టేవారు. యుద్ధం ముగిశాక వాటి మొహం చూసినవాళ్లు లేరు. అప్పటి దర్జీలు గుడ్డ చుట్టి కోట్లకు గుండీలుగా కుట్టేశారు. ఆ గుండీలు విప్పి విప్పి ఆవిడ అరవై మూడు పోగేసింది: "ఒక సబ్బు", "ఒక క్షవరం" అని అచ్చు కొట్టినవి, ఇలాంటివి. పొయ్యి బొమ్మతో "ఒక బన్ను" అని ఉన్నది మాత్రం ఒక్కటే.

ఆ ఒక్కదాన్నే గుప్పిట్లో బిగించి విసవిసా రోడ్డు దాటింది. ఎదురుగా బేకరీ. బోర్డు మీద అదే పొయ్యి బొమ్మ.

"బాబూ, ఒక బన్ను," అంటూ బిళ్ళ పెట్టింది.

"ఇదేంటి పిన్నిగారూ?"

"మీ తాత ఇచ్చిన మాట."

"తాత పోయి ముప్ఫై ఏళ్లయిందండీ."

"మనిషి పోతే మాట కూడా పోతుందా?"

బేకరీ ఆయన బట్టతల గోక్కున్నాడు. బోర్డు వంక చూశాడు, బిళ్ళ వంక చూశాడు. వేడి బన్ను కాగితంలో చుట్టి, "మరి బిళ్ళ తీసుకెళ్తారా?" అన్నాడు.

ఆవిడ చెయ్యి ముందుకెళ్లి ఆగిపోయింది. వెనక్కి తీసుకుంటే అది ఇత్తడి ముక్క. వదిలేస్తేనే డబ్బు.

"గల్లాలో వేసుకో నాయనా," అంది. బన్ను అందుకుని బయటికి నడిచింది.

తిరిగొచ్చి, ఎవరినీ అడక్కుండా వెండి నాణేల పక్కనే అరవై రెండు బిళ్ళలూ పరిచింది. నడుమ బన్ను పెట్టి, "బిళ్ళ చెల్లింది" అని చీటీ రాసింది. జనం అటే మూగారు.

సాయంత్రానికి అధ్యక్షులవారు పళ్లు నూరబోయి, మిగిలినవాటిని తలుచుకుని మానుకుని, చేతిరుమాలు చాటు నుంచే అరిచారు: "ఏమమ్మా, నీ బన్నుకి చీమలు పట్టాయి!"

"పట్టనివ్వండి అన్నయ్యగారూ, మీ రాజుల డబ్బు వంక అవి కూడా చూడట్లేదు."