ఆ సంతకం తప్పు నాది

1. ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు సిరిసిల్ల నుంచి సారు కూతురు ఫోన్ చేసింది. "అన్నా, నాయన పోయిండు" అంది.
2. "ఎప్పుడు?" అని అడిగాను. ఆమె ఏడుస్తుంటే సమయం అడిగిన మనిషిని నేను.
3. ఏడు గంటలకు జగిత్యాలలో బస్సెక్కాను. పాడె ఎత్తకముందే చేరాను.
4. నాలుగోది రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. రాయలేకపోయాను.

మీలో కొందరు కోరుట్ల బస్టాండు వెనుక ఆ మేడమీది గదికి వచ్చి ఉంటారు. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయాక, సారు ఆ గదిలో ఒక కంప్యూటరు పెట్టుకుని, గల్ఫుకు పోయినవాళ్ళ కుటుంబాల తరఫున ఎంబసీలకు, కంపెనీలకు మెయిళ్ళు రాసేవారు. పదో తరగతి తప్పి, కంప్యూటరును సొంతంగా నేర్చుకున్న నేను ముప్పై ఏళ్ళ వయసులో ఆయన దగ్గర పనికి చేరాను.

మెయిల్ చిరునామా అందరికీ ఒక్కటే. సంతకాలు మాత్రం వేరువేరు. మెయిల్ ప్రోగ్రాములో ఒక్కో ఇంటికి ఒక్కో సంతకం తయారుచేసి దాచేవారు సారు: మెయిల్ రాయించే ఇంటామె పేరు, గల్ఫుకు పోయినవాడికి ఆమె ఏమవుతుంది, ఊరు, ఫోన్ నంబరు. అడుగుతున్నది ఆమె కాబట్టి కింద ఆమె పేరే ఉండాలనేవారు. పంపేముందు ఆ నాలుగు వరుసలూ ఆమెకు చదివి వినిపించాలి. ఆమె తల ఊపాలి. అప్పుడే మెయిల్ పోవాలి.

గల్ఫుకు పోయినవాడు ఇల్లు చేరితే, ఆ సంతకాన్ని ఇంటామె చేతనే చెరిపించేవారు. బీర్‌పూర్ నుంచి వచ్చే ఒక అవ్వకు ఇది నచ్చలేదు.

"ఎందుకు తుడువాలె సారూ? నా పేరు గీ డబ్బల ఉంటె నీకేం బరువాయె?"

"నీ కొడుకు అచ్చిండు గదనే అవ్వా. ఇంక దీంతోని ఏం పని?"

"గట్లయితె రెండోవాడు సుత పోతడట, ఉండనియ్యి!"

సారు నవ్వలేక నవ్వి, ఆమె వేలు పట్టుకుని మీట నొక్కించారు. "వాణ్ని పోనియ్యకే" అన్నారు.

ఆయన కళ్ళజోడు కాడకు నూలు దారం కట్టి ఉండేది. వచ్చినవాళ్ళు నీళ్ళు తాగేదాకా ఏమీ అడిగేవారు కాదు. నేను తొందరపడితే ఒకటే మాట: "నంబరు ఎనుక ఇల్లుంటది తమ్మీ. సూస్కోని కొట్టు."

ఒకరోజు ఆయన పనిమీద సిరిసిల్ల వెళ్ళారు. గది నిండా జనం. ప్రతి మెయిలుకూ సంతకాన్ని వెతికి పెట్టడం ఆలస్యమవుతోందని, ప్రోగ్రాము అమరికలలో ఒక గడికి టిక్కు పెట్టాను. అది పెడితే, ఎంచుకున్న సంతకం ప్రతి కొత్త మెయిలు కిందా దానంతటదే చేరుతుంది. మొదట మేడిపల్లి ఆమె సంతకం ఎంచుకుని ఆమె మెయిల్ పంపాను. ఆమె భర్త పాస్‌పోర్టును యజమాని ఇవ్వడంలేదు. తరువాత ఇబ్రహీంపట్నం ఆమెది. ఆమె భర్త నుంచి మూడు వారాలుగా ఫోన్ లేదు. సంతకం మార్చలేదు. చదివి వినిపించలేదు.

నాలుగో రోజు గల్ఫు నుంచి ఎవరో ఆ రెండో మెయిల్ కిందున్న నంబరుకు ఫోన్ చేసి, పేరైనా చెప్పకుండా, "మీ ఆయన చనిపోయాడు" అని హిందీలో చెప్పారు. ఫోన్ మోగింది మేడిపల్లిలో.

ఆమె తమ్ముడు వివరాలకోసం పరుగెత్తుకొచ్చాడు. సారు నేను పంపిన మెయిళ్ళు తెరిచి, ఇబ్రహీంపట్నం మెయిల్ కింద మేడిపల్లి సంతకం చూసి, ఫోన్ వచ్చిన నంబరుకు తిరిగి చేసి చనిపోయినవాడి పేరు అడిగి, లేచి నిలబడ్డారు. నావైపు ఒక్కసారి చూశారు. నన్ను వెంటబెట్టుకుని మేడిపల్లి బయలుదేరారు. అప్పటికే ఇంటిముందు టెంటు వేశారు. సారు జనం మధ్య నిలబడి, "అమ్మా, నీ పెనిమిటి బతికే ఉన్నడు. తప్పు నా చేతుల అయింది" అన్నారు. ఎవరో ఆయన అంగీ పట్టుకుని గుంజారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆమె ఏడుపు ఆపి ఆయన ముఖంలోకి చూసింది.

"మరి సచ్చిందెవరు సారూ?"

అక్కడినుంచి ఇబ్రహీంపట్నం వెళ్ళాం. ఆమె అప్పుడే నాట్లనుంచి వస్తోంది, కాళ్ళకు బురద ఆరలేదు. విన్నాక ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినబడుతుంది. "పొద్దటిసంది మడిల పాటలు పాడుకుంట నాటేసిన సారూ. ఊరుగాని ఊరోళ్ళు నా మొగనికోసం ఏడుస్తాంటె, నేను పాటలు పాడిన."

"తప్పు నాదే బిడ్డా" అన్నారు సారు, మళ్ళీ.

తిరుగు బస్సులో నాతో అన్నది ఇంతే: "రేపు గా టిక్కు తీసెయ్ తమ్మీ." ఆ తరువాత ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. ఆయన బతికుండగా నేనూ ఆ రెండు ఇళ్ళకు వెళ్ళి నిజం చెప్పలేదు.

సారు పదకొండో రోజు ముగిశాక మేడిపల్లి వెళ్ళాను. ఆమె బీడీలు చుడుతోంది. గల్ఫు నుంచి తిరిగొచ్చిన భర్త ఆటో కడుగుతున్నాడు. అంతా చెప్పాను.

"ఆయన పోయినంక జెప్తున్నవా? గన్నొద్దులు నోరు పడిపోయిందా?" అంది, చేతిలో బీడీ చుట్టడం ఆపకుండా. మళ్ళీ తనే అంది: "నాకు నా మొగడు దొరికిండు. నాకెందుకు జెప్తవ్? గా ఇంటికి పో."

ఈరోజు ఇబ్రహీంపట్నం వెళ్ళివచ్చాను. ఆమె వాకిట్లో ఉడికించిన పసుపు కొమ్ములను ఆరబోస్తోంది. నిలబడే చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "గట్లయితె ఆయన ఊకెనే తిట్లు పడ్డడా?" అని అడిగింది. "గా పొద్దు నేను సుత ఆయనకు మన్నువొయ్య అన్న గదా" అని అక్కడే కూలబడింది. కళ్ళు తుడుచుకుందామని చేతులెత్తి, వాటివైపు చూసి, ఆగిపోయింది. ముంజేతిదాకా పసుపు. ముఖానికి తగలకుండా ఆ రెండు చేతులనూ దూరంగా గాలిలో పట్టుకుని, అలాగే ఏడ్చింది.

సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలు, జగిత్యాల.
కట్కూరి గంగరాజం