పర్దా వెనుక గోలెం

నా పెళ్లయిన తొలి ఏడు, పత్తి అమ్మడానికి మామ జమ్మికుంటకు తోలుకుపోతున్న బండి మీద అత్త నన్ను కూడా ఎక్కించుకుంది. గాజులు కొనిపెడతానంది. అప్పటికి ఆమెకూ నాకూ మాటలు తక్కువ. నేను తోమిన గిన్నెను వేలితో రుద్ది చూసి, మారు మాట లేకుండా మళ్లీ నా ముందు పెట్టేది. ఆమెను చూస్తే నాకు భయం.

పత్తి బజారులో బండ్లు బారులు తీరి ఉన్నాయి. మధ్యాహ్నం దాటినా మా పత్తి కాంటా మీదికి ఎక్కలేదు. కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు పొద్దున్నే అయిపోయాయి. బండిని వదిలి రాలేనని, మమ్మల్నిద్దరినీ స్టేషన్ దగ్గరి హోటల్లో తిని రమ్మన్నాడు మామ. హోటల్లో కూర్చోవడం నాకే కాదు, అత్తకూ అదే మొదలు.

లోపల బల్లల నిండా మగవాళ్లే. వడ్డించే మనిషి మమ్మల్ని చూసి, ఆడవాళ్లకు జాగా వేరే ఉందంటూ ఒక పర్దా చూపించాడు. దాని వెనుక ఒక బల్ల, ఆ బల్లకు ఎదురుగా పెరటి తలుపు. తలుపు బార్లా తీసి ఉంది.

పెరట్లో నీళ్లు నింపిన పెద్ద తొట్టి, గోలెం. ఒకతను ఎంగిలి పళ్లేలు తెచ్చి అందులో ముంచుతున్నాడు, తీస్తున్నాడు, భుజం మీది గుడ్డతో తుడిచి లోపలికి పంపుతున్నాడు. ఆ గుడ్డతోనే మధ్యమధ్య మొహం తుడుచుకుంటున్నాడు. గోలెంలో నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. పైన మిరపకాయ తొక్కలు, ఉల్లిపొరలు తేలుతున్నాయి. ముందు కూర్చున్నవాళ్లకు ఇదేమీ కనిపించదు. పర్దా వెనుక కూర్చున్నందుకు మాకు మాత్రమే కనిపించింది.

ఇంతలో మాకూ పూరీలు వచ్చాయి. నా పళ్లెం అంచుకు ఎవరో తిన్న పప్పు ఎండి అంటుకుని ఉంది. అత్త అది చూసి, లేచి పోదామని మెల్లగా అంది. నాకు కడుపులో ఆకలి మండుతోంది, దానికి తోడు కోపం. వడ్డించే మనిషిని పిలిచి, మంచినీళ్లతో కడిగిన పళ్లేల్లో పెట్టమని అడిగాను. అందరూ వీటిలోనే తింటున్నారని, ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదని చెప్పి వెళ్లిపోయాడు. కాసేపటికి హోటల్ సేటు వచ్చి పర్దాకు అవతలే నిలబడ్డాడు.

"గంత శుద్ధం కావాల్నంటే ఇంట్లనే తినాలమ్మా. హోటల్ అంటే గిట్లనే ఉంటది."

పరాయి మగవాడితో నేను గొంతెత్తి మాట్లాడింది లేదు. అయినా లేచి, పర్దాను ఈ చివర నుంచి ఆ చివరకు లాగేశాను. బల్లల మీది తలలన్నీ మా వైపు తిరిగాయి.

"అన్నా, మీరు తినే తలెలు గా నీళ్లల్లనే కడుగుతున్నరు. జర అటు చూడుండ్రి," అన్నాను, నా పళ్లెం ఎత్తి పెరటి వైపు చూపిస్తూ.

తలపాగా చుట్టుకున్న ఒక ముసలి రైతు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని వచ్చి పెరట్లోకి తొంగిచూశాడు. తర్వాత తన పళ్లెం తెచ్చి సేటు ముందు పెట్టాడు. "మా బర్లు గూడ గీ కుడితి ముట్టయి సేటూ," అన్నాడు. అతని వెనుక ఇంకొకరు, ఆ వెనుక ఇంకొకరు లేచారు. సేటు మొహం పాలిపోయింది.

నాకు అప్పుడు సేటు కంటే అత్త అంటేనే ఎక్కువ భయం వేసింది. నలుగురిలో పరువు తీశావంటుందేమో అనుకున్నాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

"నా కోడలు అడిగినదాంట్ల తప్పేమున్నది? గా పొయ్యి మీద చాయ్ కాగుతలేదా? నీళ్లు కాగయా?"

ఎవరో నవ్వారు. సేటు పెరట్లోకి పోయి తన చేతులతోనే గోలెం ఒరగదోశాడు. ఆ మురికంతా పెరడు దాటి కాలువలోకి పారింది. పొయ్యి మీదికి నీళ్లెక్కాయి, బూడిద వచ్చింది, కొబ్బరి పీచు వచ్చింది. అత్త కడిగేవాళ్ల పక్కనే నిలబడి, తోమిన మొదటి పళ్లేన్ని వేలితో రుద్ది చూసి, మళ్లీ తోమమని ఇచ్చింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. తినేవాళ్లు ఒక్కరూ పోలేదు. అందరూ ఆకలితోనే, సంబరంగా ఎదురుచూశారు.

పొగలు కక్కే పూరీలు ముందుగా మాకే తెచ్చాడు సేటు. ఇప్పుడు మంచిగుందా అని అత్తను అడిగాడు. ఇంకో రెండు తెమ్మంది ఆమె. పర్దా పక్కకే ఉండిపోయింది, మేము అందరి ఎదుటే తిన్నాం.

మేము బజారుకు తిరిగి వచ్చేసరికి సంగతి మాకంటే ముందే మామకు చేరింది. పర్దా లాగింది ఎవరని కాస్త గాబరాగా అడిగాడు. నేను తల వంచుకున్నాను. "నా కోడలే," అంది అత్త, ఊరికి సర్పంచి అయినంత దర్జాగా. నాకు డజను గాజులు తొడిగించి, దారి పొడుగునా నాతో మాట్లాడుతూనే వచ్చింది. ఊళ్లో అందరికీ చెప్పింది. ఆమె చెప్పినప్పుడల్లా గోలెం కొంచెం పెద్దదయ్యేది, సేటు ఇంకొంచెం వణికేవాడు. నేను ఎన్నడూ దిద్దలేదు.

మరుసటి ఏడు మేము మళ్లీ పోయేసరికి పళ్లేలు కడగడం హోటల్ ముందుకే మారింది. మరుగుతున్న నీళ్ల కాగు వీధిలోకి కనిపిస్తోంది. బండ్ల మీద వచ్చిన ఆడవాళ్లు ముందు బల్లల మీదే కూర్చుని ఉన్నారు. సేటు మమ్మల్ని గుర్తుపట్టి, ఇద్దరు మగవాళ్లను జరిపి జాగా ఇచ్చాడు. అత్తా నేనూ వీధి వైపు మొహం పెట్టి కూర్చుని, తీరిగ్గా, కడుపు నిండా తిన్నాం.