బూటులో దోపిన గసగసాల పొట్లం

నారాయణఖేడ్ బస్టాండు పక్కన పద్దెనిమిదేళ్లుగా బ్యాగులు కుడుతున్నాను. తెగిన జిప్పులు, చినిగిన పట్టీలు, ఊడిన చక్రాలు నా పని. మనిషి నోరు విప్పకముందే సామాను చూసి ఎక్కడికి పోతున్నాడో చెప్పగలను. హైదరాబాద్ దవాఖానకు పోయేవాళ్ల సంచిలోంచి ఎక్స్‌రే కవరు పొడుచుకొని బయటికి కనిపిస్తుంది. ఆ సంచిని వాళ్లు ఒళ్లోంచి దించరు. కంగ్టి, మనూర్ వైపు నుంచి చెరకు కొట్టడానికి పోయేవాళ్లు నా దగ్గర ఆగరు. వాళ్ల గిన్నెలు, బొంతలు అన్నీ యూరియా బస్తాల్లోనే, బస్తాకు జిప్పు ఉండదు. గల్ఫ్‌కు పోయేవాళ్లు మాత్రం కొత్త సూట్‌కేసు కొని, దాన్ని నమ్మక, అంచుల వెంట మళ్లీ కుట్టమంటారు.

పదో తరగతి తప్పినవాణ్ని. ఆ తర్వాతి చదువంతా గ్రంథాలయంలోనే. మధ్యాహ్నం ఎండకు గిరాకీ ఉండదు కనుక మిషన్ మీద గుడ్డ కప్పి అక్కడికి పోయేవాణ్ని. హైదరాబాద్ దాటి ఎక్కడికీ పోలేదు గాని, ప్రయాణాల పుస్తకాలంటే ప్రాణం. విదేశాలకు పోయేవాళ్ల కోసం రాసిన లావుపాటి పాత పుస్తకం ఒకటి ఉండేది. విమానంలో వెంట ఉంచుకునే సంచిలో కత్తెర ఉండకూడదని, బ్యాటరీలు లగేజీలో వేసే పెట్టెలో పెట్టకూడదని, పాస్‌పోర్టు నకళ్లు రెండు చోట్ల దాచుకోవాలని అందులోంచే నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. గిరాకీలకు అవి చెబితే వాళ్లు నోరు తెరిచి వినేవాళ్లు. ఆ వినడం కోసం ఒక్కోసారి జిప్పు వేయడం కావాలనే ఆలస్యం చేసేవాణ్ని.

మా బావ, అంటే మా అక్క భర్త, గల్ఫ్‌లో కంపెనీ బస్సు నడిపేవాడు. ఒక ఏడు క్రిస్మస్‌కు సెలవు మీద వచ్చాడు. చెప్పిన రోజుకు తిరిగి పనిలో చేరకపోతే ఉద్యోగం ఉండదు. సగం లేచిన వాళ్ల ఇంటి గోడలు, అక్క ఆశలు అన్నీ ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉన్నాయి.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం పాస్టరు వచ్చి ప్రార్థన చేసి వెళ్లాక, నేను నోటుబుక్కు పట్టుకొని సూట్‌కేసు ముందు కూర్చున్నాను.

"ఇగో, లైబ్రరీ సారు వచ్చిండు," అన్నాడు బావ. "అక్కడోళ్ల కంటే ముందు వీడే నా డబ్బా ఇప్పుతడు."

"నవ్వకు బావా. అక్కడ ఆపితే నీకే పరేషాన్. గిదేంది, దగ్గు మందా? డాక్టరు చీటీ లేకుంట తీస్కపోతే నేరమైతది."

"దగ్గితే గూడ నేరమేనా బామ్మర్దీ?"

అందరూ నవ్వారు. సీసా తీసేశాను. లైటరు తీసేశాను. బావ చుట్టాలను సాగనంపడానికి వాకిట్లోకి పోయాడు. అప్పుడు అక్క వంటింట్లోంచి ఒక పొట్లం తెచ్చింది.

"తమ్మీ, గసగసాలు పెట్టనా? రూముల ఐతారం కూర మీ బావనే వండుతడు. అక్కడ దొరుకుతలేవట."

ఎందుకు దొరకవో అడగాల్సింది. అడగలేదు. నోటుబుక్కు రెండు పేజీలు తిప్పాను. అందులో గసగసాల మాట లేదు.

"వంట సరుకే గదా అక్కా. ఏం కాదు, పెట్టు."

పొట్లం పగిలి బట్టల్లో పడుతుందేమోనని నేనే దాన్ని బావ బూటులో దోపి, పైన మేజోడు కుక్కాను.

రెండు రోజుల తర్వాత బావ రూములో ఉండే అతను ఫోన్ చేశాడు. విమానం దిగిన చోటే బావను పట్టుకున్నారట. "బూట్లల్ల దాచి తెచ్చిండని అంటుండ్రు," అన్నాడు. నా కుట్టుమిషన్ పక్కనే చాయ్ అమ్మే పెద్దమనిషి ఒకప్పుడు గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడు. విషయం చెబితే తల పట్టుకున్నాడు.

"అరే భాయ్, అక్కడ ఖస్‌ఖస్ అంటే నల్లమందు లెక్క. పోయొచ్చినోళ్లందరికీ ఎరుకే. పక్కనే ఉన్న గదా, ఒక్కమాట నన్నడగకపోతివి."

నిజమే. అన్నేళ్లు ఆయన చాయ్ తాగుతూ గల్ఫ్ గురించి నేనే ఆయనకు చెప్పాను.

మూడు నెలలు లోపల ఉంచి, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టకూడదని చెప్పి పంపేశారు. సగం మనిషై తిరిగొచ్చిన బావ ఇప్పుడు మనూర్‌కు కిరాయి ఆటో నడుపుతున్నాడు. వచ్చిన రోజే, నా ముందే, అక్కను అడిగాడు.

"పెడితే పెట్టినవ్, బూట్లల్ల దాయాలని ఎట్ల తోచింది నీకు? దొంగను చేస్తివి గదనే నన్ను."

అక్క నావైపు చూడలేదు. నేను నోరు విప్పలేదు.

అలా ఏడాది గడిచింది. ఒక ఐతారం చర్చి నుంచి వచ్చి అన్నం తింటున్నప్పుడు ఇక ఉండలేక చెప్పేశాను. "బావా, పెట్టుమన్నది నేను. బూటుల దోపింది గూడ నేనే."

బావ ముద్ద ఆపాడు. ఆయన నావైపు తిరిగేలోగా అక్క అందుకుంది.

"వాణ్ని నేనడగనే లే. నువ్వు దినాం నన్నంటుంటే సూడలేక మీదేసుకుంటుండు."

బావ కూర గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "తమ్ముడంటే గిట్లుండాలె," అని నా కంచంలో ఇంకో ముక్క వేశాడు. నేను తిన్నాను.

అక్క గేటు దాకా వచ్చింది. ఎందుకట్ల చెప్పినవని అడిగాను.

"నన్నైతే రెండు దినాలు అంటడు, ఊకుంటడు. నిన్నైతే ఇగ ఇంట్లకు రానియ్యడు. నాకున్నది నువ్వొక్కనివే తమ్మీ."

రెండు దినాలంది. ఇది నాలుగో ఏడు. బావ ఇంకా అంటూనే ఉన్నాడు. నేను ప్రతి ఐతారం వెళ్లి అక్కడే అన్నం తింటున్నాను.