మరియమ్మగారు వెనక్కి నడిచిన చోటు

మూడేళ్ళ కిందట, మే నెల. మంగళగిరికి అవతల, పొలాలు మెరక చేసి లేపుతున్న కొత్త పట్టణానికి లోకల్ రైళ్ళ స్టేషన్ కడుతున్నాం. నేను సైట్ ఇంజనీర్‌ని. జనం పట్టాల మీద నడవకుండా ఒక ప్లాట్‌ఫారం నుంచి రెండోదానికి దాటే ఫుట్ ఓవర్ బ్రిడ్జి పని నాది. మర్నాడు పొద్దున్నే దాని మూడో స్తంభం పునాదికి కాంక్రీటు పోయాలి.

నేల బలం తెలుసుకోవడానికి గొట్టం దించి లోపలి మట్టి తీసి చూస్తాం. అదే బోర్ హోల్. మేం రెండు వేయించాం, రెండింటి రిపోర్టూ భేషుగ్గా ఉంది. మూడో స్తంభం వాటి మధ్యన వస్తుంది. ఎండకు పునాది గొయ్యి అడుగు బండలా ఉంటే, బూటుతో తన్ని చూసి నాకు నేనే శభాష్ అనుకున్నాను.

కాంక్రీటు తడిపే పనికి వచ్చే మరియమ్మగారు గొయ్యి పక్కన ఆగారు.

"ఇక్కడా ఏస్తన్నారు మేడంగారూ? ఇక్కడ కాలు దిగుద్దండీ."

"ఎంత గట్టిగా ఉందో చూడండి" అన్నాను కాస్త విసుగ్గా.

"ఇది ఎండాకాలం గదండీ. ముప్పయ్యేళ్ళు ఈ చేలో నాట్లేశాను. నీళ్ళు పెట్టి దమ్ము చేశాక ఇక్కడ మోకాలిదాకా దిగబడేది. పక్కన చీలమండ కూడా మునిగేది కాదు."

"గట్లు లేవు, మడులు లేవు, అంతా గ్రావెలే. ఇదే చోటని ఎలా చెప్తారు?"

ఆమె పొలం చివర ఇంకా మిగిలున్న కాలవ కట్ట దగ్గరికి వెళ్ళి, దానివైపు తిరిగి నడుం వంచారు. నాట్లేసేవాళ్ళు వెనక్కే కదా నడుస్తారు. చేతిలో నారు ఉన్నట్టే వేళ్ళు ఆడిస్తూ వెనక్కి అడుగులేశారు. గొయ్యికి రెండు గజాల ముందు ఆగి, "ఇదిగో, ఇక్కడ మొదలండీ" అన్నారు.

కాంక్రీటు లారీలు వద్దని చెప్పడానికి ఫోన్ తీశాను. ఆమె మాట తప్పయితే నాకు చీవాట్లు ఖాయం. నిజమైతే, రోజూ ఆ మెట్లెక్కే జనం ప్రాణాలు ఈ గొయ్యిలోనే ఉన్నాయి. ఆపేయించాను.

రెండు రోజుల తర్వాత ఆమె చూపిన చోట బోర్ హోల్ వేయించాం. సుత్తితో మోదితేగాని దిగని గొట్టం, నాలుగో మీటరు దగ్గర ఎవరూ తాకకుండానే తన బరువుకి తానే దిగిపోయింది. లోపల ఎప్పుడో పూడిపోయిన పాత వాగు, ఏ మ్యాపులోనూ లేదు. నా రిపోర్టులకు అందనిది ఆమె పాదాలకు తెలుసు.

పునాది మార్చి పైల్స్ వేశాం, అంటే గట్టినేల తగిలేదాకా లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు. కొత్త రిపోర్టులో నేలను పరీక్షించినవారి పేర్లలో ఆమె పేరు ముందు రాశాను. విద్యార్హత ఏమిటని ఆఫీసువాళ్ళు అడిగితే, "వరినాట్లు" అని రాసి పంపాను.

ఇప్పుడు ఏ సైట్‌కి వెళ్ళినా, బోర్ హోల్ గుర్తులు పెట్టేముందు ఆ పొలంలో నాట్లేసినవాళ్ళను పిలిపిస్తాను. వాళ్ళు చూపిస్తుంటే, సున్నం డబ్బా పట్టుకుని వెనకాలే నడుస్తాను.