గుటుక్కికి నేనిచ్చిన గొంతు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, నాలుగు ముక్కలు. ఒక మధ్యాహ్నం పూట, భూపాలపల్లిలో మా అక్క ఇంటి వసారాలో కూర్చుని, ఆమె మొహంలోకి చూస్తూ చెప్పాను. అప్పటినుంచి అది నాతోనే తింటోంది, నాతోనే పడుకుంటోంది. మా ఆవిడకు తెలియదు. మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియకపోవడమే ధైర్యం. నా పేరు మాత్రం అడగకండి.

నేను పిల్లల బొమ్మల సినిమాలకు మాటలు రాస్తాను. మాయాలోకాలు, ఎగిరే గుర్రాలు, ఆ బాపతు. ఈ పనిలో కొన్ని కట్టుబాట్లున్నాయి. ఎవరూ గోడకు రాసి పెట్టరు, కానీ అందరికీ తెలుసు. కథానాయకుడైన పిల్లవాడికి తల్లిదండ్రులు ఉండకూడదు. ఉంటే అడవిలోకి పోనివ్వరు గదా! వాడి భుజం మీద మాట్లాడే చిలకో ఉడుతో ఉండాలి. మాయరాయి ఒకటి పోవాలి, వెతకాలి, దొరకాలి. మాంత్రికుడు పగలబడి నవ్వాలి. వాడి కింద ఒక మొద్దు రాకాసి ఉండాలి. పిల్లలు బాగా భయపడ్డారనుకున్నప్పుడల్లా ఆ మొద్దు వచ్చి, ఏదో వాగి, జారిపడి నవ్వించాలి. చివరి భాగంలో అది బురదగుంటలో పడితే అందరూ చప్పట్లు కొట్టాలి. పిల్లవాడు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతాడు. మరి ఆ మొద్దు ఎట్లా మాట్లాడాలి? మీకు తెలుసు. మనందరం సినిమాలు చూసి పెరిగినవాళ్లమే.

మాది పెద్దవంగర దగ్గర ఒక పల్లె. అమ్మ పత్తి ఏరడానికి పోతే నన్ను సాకింది అక్క. నాకంటే పదకొండేళ్లు పెద్ద. నాకు ఆకలైనా, దెబ్బ తగిలినా, బడిలో పంతులు కొట్టినా, ఆమె దగ్గర ఉన్న మందు ఒక్కటే. కథ. అందులో నాకు బాగా ఇష్టమైంది రాకాసి కథ. ఊరి బయట ఒక రాకాసి ఉంటుంది. ఆకలేసి ఊళ్లోకి వస్తే అందరూ రాళ్లు విసురుతారు. చిన్నపిల్లల తల్లి ఒకామె మాత్రం కుండలో మిగిలిన జొన్న గటుక ఇంత పోస్తుంది. రాకాసి తిని, గిన్నె కడిగి, గడప దగ్గర బోర్లించి పోతుంది. మర్నాటినుంచి ఆ తల్లి పొలానికి పోతే ఆమె పిల్లలకు రాకాసే కాపలా. అంతే కథ. యుద్ధం లేదు, మాంత్రికుడు లేడు, ఎవరూ చావరు. ఇంతకూ రాకాసి మంచిదా చెడ్డదా అని అడిగితే, ఆకలైనదానికి మంచేంది చెడ్డేందిరా అనేది అక్క. పెళ్లయి భూపాలపల్లి పోయింది. బావది బొగ్గుబాయిలో పని. అక్క అక్కడి అంగన్‌వాడీలో టీచరు. ఆమె దగ్గరికి వచ్చిన పిల్లలందరికీ ఆ కథ వచ్చు.

నేను హైదరాబాదులో ఈ పనిలో చేరిన కొత్తలో 'ఏంది' అంటే నవ్వేవాళ్లు. చెడ్డవాళ్లు కారు, ఊరికే నవ్వేవాళ్లు. ఆర్నెల్లలో నాలుక మార్చేసుకున్నాను. 'ఏంటండీ' నేర్చుకున్నాను. ఫోన్లో అక్కతో మాట్లాడాలంటే లేచి మెట్ల దగ్గరికి పోయేవాణ్ణి. చూశారా, నా బుద్ధి అప్పుడే తెలిసిపోతోంది. నాకే తెలియలేదు.

అప్పట్లో మేం భాగాలు భాగాలుగా తీస్తున్న ఒక బొమ్మల కథలో గుటుక్కి అనే మొద్దు రాకాసి ఎంతకీ కుదరడం లేదు. బొమ్మ బాగుంది. మాటలు పండడం లేదు. ఆ రోజు అందరం కూర్చున్నాం. నన్నెవరూ అడగలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, నన్నెవరూ అడగలేదు. నేనే లేచి నిలబడ్డాను. చెంప మీద చెయ్యి పెట్టుకుని, అక్క సాగదీసినట్టే సాగదీసి, "ఓ బిడ్డా, ఆకలైతాందే, జరంత గటుక పోయరాదే" అన్నాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇంకోటి, ఇంకోటి అన్నారు. ఏడ్చే పిల్లల్ని అక్క ఎట్లా ఊరడిస్తుందో అదీ చేసి చూపించాను. "ఊకో బిడ్డా, ఊకో, నేనున్న గద." దర్శకుడు లేచి నా వీపు తట్టాడు. ప్రతి భాగంలోనూ గుటుక్కి గోతిలో పడేముందు పిల్లవాడితో అదే అనాలని అక్కడికక్కడే తీర్మానం అయింది. ఆ నవ్వు నామీద కాదు. మొదటిసారి నేను నవ్వేవాళ్ల వైపు నిలబడ్డాను. ఎంత హాయిగా ఉండిందో చెప్తే మీరు నా మొహాన ఉమ్మేస్తారు.

నవ్వనిది ఒక్కరే. గోదావరి వైపునుంచి వచ్చిన పెద్దాయన, మాతోపాటు రాసేవారు. టీ తాగుతున్నప్పుడు నెమ్మదిగా, మీ ఇంట్లోవాళ్లు చూస్తే బాధపడరా అని అడిగారు. మావాళ్లు కార్టూన్లు చూడరులెండి అన్నాను.

ఆ నెలలోనే భూపాలపల్లి పోయి, మా పిల్లలకు వినిపిస్తానని చెప్పి, అక్క రాకాసి కథ చెప్తుంటే ఫోన్లో రికార్డు చేశాను. ఫొటో తీస్తున్నాననుకుందో ఏమో, కొంగు సర్దుకుని కూర్చుంది. ఇరవై నిమిషాలు చెప్పింది. దాన్ని గుటుక్కికి గొంతు ఇచ్చే అమ్మాయికి నా ఫోన్లోనే పదేపదే వినిపించాను. ఆ అమ్మాయి నేర్పుగల మనిషి. దగ్గు కూడా వదలలేదు. కథను మాత్రం మన కట్టుబాట్ల ప్రకారం నేనే సరిచేశాను. ఆకలిగొన్న రాకాసి తిండిపోతైంది. గిన్నె కడిగి బోర్లించిన రాకాసి, గిన్నెలో తల ఇరుక్కుని తిరిగే రాకాసి అయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నన్నెవరు పట్టుకుంటారు?

కార్టూన్ చూడనిదెవరు చెప్పండి ఈ రోజుల్లో. అన్నం తినిపించాలంటే ఫోన్. ఏడుపు మాన్పాలంటే ఫోన్. గుటుక్కి పిల్లలందరికీ ప్రాణమైంది. అక్క అంగన్‌వాడీకి వచ్చేవాళ్లు మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలు. వాళ్లకు కుళ్లు ఎక్కడిది? తెలిసిన గొంతు వినబడింది, నవ్వారు. అక్క నోరు తెరిస్తే నవ్వు. ఒక పిల్ల పడి మోకాలు చీరుకుపోతే అక్క దగ్గరికి తీసుకుని "ఊకో బిడ్డా" అన్నదట. అంతే, గదంతా ఘొల్లుమన్నది. నొప్పికి ఏడుస్తున్న పిల్ల కూడా నవ్వింది. ఆ తర్వాత ఆమెను టీచరమ్మ అనడం మానేసి గుటుక్కి టీచర్ అన్నారు. తల్లులూ అన్నారు, ముద్దుగానే. ఒకామె మాత్రం, మా బాబుకు మీ మాటలు అంటుకుంటున్నాయండీ, కాస్త మంచిగా మాట్లాడండి అని చెప్పి పోయింది. ఇవన్నీ నాకు మేనకోడలు శ్రావణి ఫోన్లో చెప్పింది. అప్పుడది ఇంటర్ చదువుతోంది. నేను, అవునా, అయ్యో అన్నాను.

ఆ తర్వాత నేను భూపాలపల్లి పోయిన రోజుదే, మొదట చెప్పిన ఆ మధ్యాహ్నం. అక్క చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"తమ్మీ, గా గుటుక్కి మాటలు నువ్వు రాసినవా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను ముందు నవ్వాను. తర్వాత చెప్పాను. "కాదక్కా. గవి వేరేటోళ్లు రాసిండ్రు. ఆంధ్రాయన ఒకాయన. నేను పిలగాని మాటలే రాస్త."

అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నాకెరికే. నా తమ్ముడైతే మనల్ని గిట్ల నవ్వులపాలు జెయ్యడని మీ బావతోని చెప్పిన." మళ్లీ చింతపండు చేతిలోకి తీసుకుంది. "గాయినకు అక్క లేదో ఏమో, పాపం."

పాపం అన్నది. తిట్టినా బాగుండేది. లేని మనిషి మీద జాలిపడింది. నేనేం చేశానో చూశారా? మమ్మల్ని ఎవరో వెక్కిరించారని మా ఊళ్లో ఎన్నేళ్లుగానో ఒక నొప్పి ఉంది. ఆ నొప్పిని తీసి నాకు అడ్డం పెట్టుకున్నాను. నమ్ముతారని తెలుసు. పైగా ఎవరి మీద వేశాను? నన్ను వద్దని హెచ్చరించిన ఒకే ఒక్క మనిషి మీద. తిరుగు ప్రయాణంలో బస్సు పరకాల దాటకముందే ఫోన్లోంచి ఆ రికార్డు తీసేశాను. సాక్ష్యం ఉండకూడదని. అంత తెలివి.

ఆ తర్వాత అక్క మాట మారింది. కూతురి తెలుగు వాచకం ముందు పెట్టుకుని పైకి చదివి నేర్చుకునేదట. అంగన్‌వాడీలో కథలు చెప్పడం మానేసింది. గోడకున్న పటం చూపించి ఇది ఏనుగు, ఇది ఒంటె అని మాత్రం చెప్పేది. ఒకరోజు నాకు ఫోన్ చేసి, "బాగున్నావా? భోజనం చేశావా?" అన్నది. 'తిన్నవా తమ్మీ' అని నలభై ఏళ్లు అడిగిన మనిషి. ఒక్కో మాటా వెతుక్కుని, కాలు జారకుండా నడిచినట్టు మాట్లాడింది. నిజం చెప్తానన్నాను కాబట్టి ఇది కూడా చెప్తాను. ఆ రోజు నాకు బాధ కలగలేదు. పోనీలే, అక్క కూడా నేర్చుకుంది అనుకున్నాను. మెట్ల దగ్గరికి పోకుండా కుర్చీలోనే కూర్చుని మాట్లాడాను. ఆ మనిషిని నేనేనా? నేనే.

రెండేళ్ల కింద అక్కకు కడుపులో గడ్డ బయటపడింది. వరంగల్‌లో దవాఖానలో చేర్చారు. ఆఖరి వారం నేను పక్కనే ఉన్నాను. ఒక సాయంత్రం బావ మందులకు పోయాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. అక్క నా తల మీద చెయ్యి వేసింది. "ఊకో..." అని ఆగింది. చుట్టూ చూసింది. పక్క మంచాలవాళ్లు విన్నారేమోనని చూసింది. తర్వాత మెల్లగా, "ఏడవకు నాయనా" అన్నది.

చావు ముందు కూడా ఆమె సిగ్గుపడింది, తన నోట వచ్చిన మాటకు. ఆ సిగ్గు ఆమెది కాదు. నేను పెట్టింది.

అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? జబ్బు మనిషిని కష్టపెట్టకూడదనుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆమె కళ్లలో నేను మంచి తమ్ముణ్ణి. అది పోతుందని భయం. ఆమె నన్ను మంచివాడనుకునే పోయింది. అది ఆమెకు దక్కిన శాంతా, నేను కొట్టేసిన సొమ్మా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పోయిన నెల జనగామలో శ్రావణి ఇంటికి పోయాను. దానికిప్పుడు మూడేళ్ల కూతురు. పిల్ల అన్నం తింటూ గుటుక్కిని చూస్తోంది. నేను తల తిప్పుకున్నాను. అమ్మ గొంతు లెక్కనే ఉంటదని పెడుతున్న మామా, పిల్లకు అమ్మమ్మ ఎట్ల మాట్లాడేదో తెలవాలె గద అన్నది శ్రావణి. గోతిలో పడే చోటు రాకముందే ఆపేస్తుందట. ఆపింది కూడా, నా ముందే. తర్వాత అడిగింది, "మామా, అప్పుడెప్పుడో అమ్మ కథ చెప్తుంటే నువ్వు రికార్డు చేసినవ్ గద. ఉన్నదా?" ఫోన్ పోయిందిరా, దాంట్లోనే పోయింది అన్నాను. దాని మొహం చిన్నబోయింది. పోనీలే మామా, నువ్వేం జేత్తవ్ అన్నది. అచ్చం తల్లి లాగే నన్ను నమ్మింది. అక్క సొంత నోటితో చెప్పిన రాకాసి కథ ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. నేను చెరిపేశాను. మిగిలింది నేను వెక్కిరించిందే. ఆ పిల్ల దాన్నే అమ్మమ్మ అనుకుని పెరుగుతుంది.

ఇంటికొచ్చి మూడు రోజులు పని ముట్టలేదు. నాలుగోరోజు ఇది రాయడం మొదలుపెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడం మీ చేతిలో లేదు. క్షమించాల్సిన మనిషి లేదు. గోదావరి పెద్దాయన ఉద్యోగం మానేసి ఎటు పోయారో తెలియదు. శ్రావణికి ఇంకా చెప్పలేదు. చెప్తానని మాట ఇవ్వాలని ఉంది. కానీ నా మాట ఎట్లాంటిదో మీరు చూశారు.

గుండె తేలికైందా అంటే, కొంచెం అయింది. అదీ సిగ్గుగానే ఉంది. ఇందాక తలుపు వేసుకుని, గదిలో ఎవరూ లేరని చూసుకుని, పైకే అన్నాను. ఇన్నేళ్లకు నాలుక మా ఊరివైపు తిరగడానికి కష్టపడింది. రెండుసార్లు తడబడ్డాను. మూడోసారి వచ్చింది.

"అక్కా, వేరేటోళ్లు గాదు. నేనే రాసిన."